బాపూ, నేను చదివేది ఇదీ

ది హేగ్, నెదర్లాండ్స్
నవంబర్ 2025

బాపుకు, అవ్వకు నమస్కారాలు.

మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి జవాబు చెప్పేలోపే సిగ్నల్ పోయింది. "అక్కడ ఏం సదువుతున్నవ్ బిడ్డా, నలుగురు అడిగితే ఏం చెప్పాలె" అన్నావు. నేను భూగోళం అన్నాను. "అది ఆరో తరగతిలనే సదివినవ్ గదా" అన్నావు. అంతే, కట్. ఆ మాటకు రెండు రోజులు నవ్వుకున్నాను. తర్వాత ఆలోచిస్తే సిగ్గేసింది. అప్పు చేసి పంపినవాడికి ఏం చదువుతున్నానో కూడా సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం. ఫొటోలు తీసి తమ్ముడి ఫోన్‌కు పంపుతాను. వాడికి మరాఠీ వచ్చినట్టు తెలుగు రాదు, కూడబలుక్కుంటాడు. నువ్వే చదివి అవ్వకు వినిపించు. నువ్వు మంచిర్యాల నుంచి తెచ్చే పేపర్ మీద వేలు పెట్టి నేర్పిన అక్షరాలే ఇవి. తప్పులుంటే అందులో సగం నీవే.

నదుల పేర్లు, కొండల ఎత్తులు కావు నేను చదివేది. ఎవరు ఎక్కడ బతుకుతున్నారు, అక్కడ ఉన్నందువల్ల వాళ్లకు ఏం దక్కింది, ఏం దక్కకుండా పోయింది, అది ఎవరు తేల్చారు, ఇదీ సబ్జెక్టు. దీనికి మంచి ఉదాహరణ మన ఇంట్లోనే ఉంది. అవ్వ పుట్టిల్లు గోదావరికి అవతల, మహదేవపూర్ దిక్కు. మనం ఇవతల, మహారాష్ట్రలోని సిరొంచ తాలూకాలో. అదే యాస, అవే పండుగలు, అదే పత్తి, అదే మిర్చి. 2018లో తెలంగాణ సర్కారు రైతుబంధు పెడితే మామ చేతికి పంటకు ఎకరానికి నాలుగు వేల లెక్కన చెక్కు వచ్చింది. మనకు రాలేదు. నీ కష్టం మామ కష్టం కన్నా ఏం తక్కువ? మధ్యలో నది ఉంది, ఆ నది నడిమధ్యన ఎవరో గీత గీశారు. క్లాసులో ఇది చెబితే ఘానా నుంచి వచ్చిన అమ్మాయి తమ సరిహద్దులోనూ అచ్చం ఇంతే అంది.

క్లాసులో అన్నిటికన్నా పెద్ద గొడవ 'అభివృద్ధి' అన్న మాట మీదే. 1949 జనవరి 20న అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ ప్రమాణం చేస్తూ, వెనుకబడిన ప్రాంతాలకు మా సైన్సు, మా పరిశ్రమల ఫలాలు అందిస్తామన్నాడు. మెక్సికోకు చెందిన గుస్తావో ఎస్తేవా అనే ఆయన వాదనేమిటంటే, రెండు వందల కోట్ల మంది వెనుకబడినవాళ్లయింది ఆ రోజే. అంతకుముందు వాళ్లు ఎవరికి వాళ్లు రైతులు, జాలర్లు, అడవివాళ్లు. ఆ రోజు నుంచి అందరూ కలిసి ఒకే క్యూలో నిలబడ్డారు, అదీ చివర్లో.

ఆ క్యూ ఎలా కదలాలో చెప్పినవాడు రోస్టో అనే ఇంకో అమెరికన్. 1960లో ఐదు మెట్లు చెప్పాడు. అన్ని దేశాలూ ఒకే దారిలో నడుస్తాయి, మూడో మెట్టు దగ్గర విమానం రన్‌వే మీద నుంచి లేచినట్టు పైకి లేస్తాయి అని. నాకైతే మన తాలూకాలో ఓట్ల పెట్టెలు దించే హెలికాప్టరే గుర్తొచ్చింది. అది లేస్తుంది కానీ మనల్ని ఎక్కించుకోదు.

ఆయనకు ఎదురు మాట్లాడినవాళ్లలో ఆంద్రే గుండర్ ఫ్రాంక్ ఒకడు. పేద దేశాలు వెనుక మిగిలిపోలేదయ్యా, ధనిక దేశాలతో ముడిపడిన తీరు వల్లే పేదవయ్యాయి అంటాడు. ఇది అర్థం కావడానికి నేను దూరం పోనక్కర్లేదు. 1600ల మొదట్లోనే ఈ డచ్చివాళ్ల కంపెనీ మచిలీపట్నంలో దిగింది. మన తెలుగు నేతగాళ్ల బట్టలు కొని, అవి ఇండోనేషియా దీవుల్లో ఇచ్చి లవంగాలు, జాజికాయ తీసుకుని, వాటిని ఇక్కడ అమ్ముకున్నారు. ఆమ్‌స్టర్‌డామ్ కాలువల పక్కన ఆ కాలం నాటి వర్తకుల ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. నేను వాటి ముందు నిలబడి ఫొటో దిగాను, తమ్ముడు చూపించే ఉంటాడు. అప్పుడు ఇదంతా తెలియదు.

ఇంకో రోజు పేదరికం ఎలా కొలుస్తారో చెప్పారు. ప్రపంచ బ్యాంకు ఒక గీత పెడుతుంది. మొదట రోజుకు ఒక డాలరు అన్నారు, ఈ జూన్‌లో మూడు డాలర్లు చేశారు. మార్కెట్లో డాలరు రేటు పెట్టి గుణిస్తే తప్పు, మన దగ్గర సరుకుల ధరలు తక్కువ కాబట్టి దాన్ని సరిచేసి లెక్కగడతారు. నేను కూర్చుని మన ఇంటి లెక్క వేయడం మొదలుపెట్టాను. పత్తి డబ్బు రాశాను, మిర్చి రాశాను, మే నెలలో తునికాకు డబ్బు రాశాను. తర్వాత ఆగిపోయాను. ఇప్పపువ్వు ఎక్కడ రాయాలి? అడవి నుంచి వచ్చే కట్టెలు? ప్రాణహితలో నువ్వు పట్టే చేపలు? అసలు సర్వేలో ఇంట్లో పండించుకుని తిన్నదాన్ని కూడా లెక్కలో కలుపుతారట. కానీ చిన్నప్పుడు మన గడపలో కాగితాలు పట్టుకుని వచ్చినాయనకు నువ్వు చెప్పిన జవాబు నాకు గుర్తుంది. "ఏమున్నది సార్, ఏం లేదు" అన్నావు. ఉన్నదంటే రేషన్ కార్డు తీసేస్తారని నీ భయం. నీలాంటి కోట్ల మంది బాపుల జవాబులు కలిస్తే అదే ఇక్కడ గ్రాఫ్ అవుతుంది. మేం ఆ గ్రాఫ్ మీద కొట్లాడుకుంటాం.

డబ్బు ఒక్కటే చూస్తే చాలదని పాకిస్తాన్‌కు చెందిన మహబూబుల్ హక్, మన అమర్త్యసేన్ కలిసి 1990లో ఆయుష్షు, చదువు, ఆదాయం మూడూ కలిపి కొత్త కొలత తెచ్చారు. అది నయమే. కానీ అదీ సగటే. పుణె, ముంబైలతో కలిపి సగటు తీస్తే మహారాష్ట్ర ధనిక రాష్ట్రం. ఆ సగటులో సిరొంచ ఎక్కడుందో భూతద్దం పెట్టి వెతకాలి. నేను బళ్లో ఉన్నప్పుడు మనది 'వెనుకబడిన జిల్లా'. 2018లో దేశం మొత్తం మీద 112 జిల్లాలు ఏరి 'ఆకాంక్షల జిల్లాలు' అని పేరు పెట్టారు, గడ్చిరోలి అందులో ఒకటి. పేరు బాగుంది. మన ఊళ్లో ఎవరికైనా తెలుసా ఈ సంగతి?

ఇక్కడి లైబ్రరీలో సిరొంచ పేరు కనబడితే పట్టలేని సంతోషం వేసింది బాపూ. 1860లో నిజాం దగ్గర నుంచి గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలు ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చాక, అప్పర్ గోదావరి అని ఒక జిల్లా పెట్టారు. దానికి జిల్లా కేంద్రం మన సిరొంచ! ఇప్పుడు కలెక్టర్ ఆఫీసులో పని పడితే రెండు వందల కిలోమీటర్లు పోతున్నాం కదా, అప్పుడు కలెక్టరే మన దగ్గర ఉండేవాడు. ఎందుకంటే కాటన్ దొర గోదావరిలో పడవలు నడపాలనుకున్నాడు. మధ్యలో రాళ్లు, వడి ఉన్న చోట్ల కాలువలు తవ్వి, పై ప్రాంతాల పత్తిని నది మీదుగా సముద్రానికి చేర్చాలని ప్లాన్. ఏళ్ల తరబడి పని చేసి, 1871లో వదిలేశారు. ఆ తర్వాత మూడేళ్లకు జిల్లానూ ఎత్తేసి, మనల్ని చాందా (ఇప్పటి చంద్రపూర్) జిల్లాలో కలిపారు. అంటే మన ఊరు కేంద్రమైందీ వేరేవాళ్ల పత్తి కోసమే, మూల అయిందీ ఆ పత్తికి వేరే దారి దొరికాకే.

ఇక నేను క్లాసులో గట్టిగా కొట్లాడిన రోజు సంగతి. ఒక జర్మన్ అబ్బాయి, మంచివాడే, రోడ్లూ బ్రిడ్జీలూ అన్నీ అడవిని దోచుకెళ్లడానికే వస్తాయి అన్నాడు. నాకు అక్క కాన్పు రాత్రి కళ్ల ముందుకొచ్చింది. అప్పటికి కాళేశ్వరం బ్రిడ్జి లేదు. నొప్పులు పడుతున్న అక్కను పడవలో కూర్చోబెట్టి, అవ్వ లాంతరు పట్టుకుని, నువ్వు నడుం లోతు నీళ్లలో పడవ నెడుతూ. అవతల ఒడ్డున జీపు దొరకడానికి రెండు గంటలు. వానకాలమైతే ఆ పడవ కూడా ఉండేది కాదు. ఇదంతా చెప్పి, బ్రిడ్జి వద్దనే హక్కు రోజూ బ్రిడ్జి దాటేవాడికి లేదు అన్నాను. ఇంగ్లీషులో అంత కోపం నాకు వస్తుందని నాకే తెలియదు.

అయితే ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. వాడన్నది పూర్తిగా అబద్ధమా? మన జిల్లాలోనే ఎటపల్లి దగ్గర సుర్జాగఢ్ కొండ మీద నుంచి ఇనుప రాయి మోసుకెళ్లే లారీలు పోయేదీ రోడ్డు మీదే కదా. అదే నది మీద, మన బ్రిడ్జికి దిగువన, దాదాపు ఆ కాలంలోనే మేడిగడ్డ బ్యారేజీ కూడా వచ్చింది. 2016 ఆగస్టులో తెలంగాణ, మహారాష్ట్ర సర్కార్లు ముంబైలో ఒప్పందం చేసుకున్నాయి, 2019 జూన్ 21న ముఖ్యమంత్రులు వచ్చి ప్రారంభించారు. 85 గేట్లు. నీళ్లు పంపులతో అవతలికి ఎత్తడానికి. ఇవతల మన తాలూకాలోని పోచంపల్లి దిక్కు రైతులు బ్యారేజీ వెనక నిలిచే నీళ్లలో పొలాలు మునుగుతున్నాయని సిరొంచలో దీక్షలకు కూర్చున్నారు. 2023 అక్టోబర్ 21న పిల్లర్లు కుంగితే దేశమంతా ఆ పేరు వింది, అంతా ఖర్చు గురించీ పార్టీల గురించీ మాట్లాడింది. ఇవతలి ఒడ్డు గురించి ఎంతమంది మాట్లాడారు? మన చేను నదికి దూరం కాబట్టి మనకు నష్టం లేదు. ఉండి ఉంటే నేను ఆ క్లాసులో అంత ధీమాగా మాట్లాడేదాన్నా అని అనుమానం. మళ్లీ అవ్వ పుట్టింటి వాళ్లు నీళ్లు అడగడం తప్పా అంటే అదీ అనలేను.

పోయిన నెల మమ్మల్ని ఓవర్‌డీప్ అనే చోటుకు తీసుకెళ్లారు. ఈ దేశంలో నాలుగో వంతు నేల సముద్రం కన్నా కిందే ఉంది, కట్టలు కట్టుకుని బతుకుతారు. 1995లో నదులు పొంగితే రెండున్నర లక్షల మందిని ఇళ్లు ఖాళీ చేయించారు. తర్వాత సర్కారు ఎప్పుడూ కట్టలు పెంచుకుంటూ పోవడం కాదు, నదికే చోటు వదలాలి అని తేల్చింది. ఆ చోటులో ఓవర్‌డీప్ రైతుల భూములున్నాయి. పదిహేడు కుటుంబాలు, ఎక్కువగా పాడి. వాళ్లు కూర్చుని మాట్లాడుకుని తామే ఒక ప్లాన్ పట్టుకెళ్లారు. మట్టి దిబ్బలు పోయండి, ఇళ్లూ కొట్టాలూ దాని మీద కట్టుకుంటాం, వరదొస్తే పొలం మీదుగా పోనివ్వండి అని. సర్కారు ఒప్పుకుంది. అలాగని అంతా బంగారం అనుకోకు. సుమారు సగం కుటుంబాలు డబ్బు తీసుకుని వెళ్లిపోయాయి, దిబ్బల మీద మిగిలింది ఎనిమిది. ఏళ్లు పట్టింది. పైగా ఇది డబ్బున్న దేశం, దిబ్బ పోయడానికి వాళ్ల దగ్గర ఉంది. అయినా ఇక్కడ నీళ్ల సంగతి చూసుకోవడానికి వేరే బోర్డులున్నాయి, వాటికి ఎన్నికలు జరుగుతాయి, కొన్ని ఏడెనిమిది వందల ఏళ్ల నాటివి. గేటు ఎప్పుడు ఎత్తాలో అడగడానికి ఎవరి దగ్గరికి పోవాలో ఇక్కడి రైతుకు తెలుసు.

అక్కడి దిబ్బ మీద ఒక ముసలాయన, నీ వయసే, మాకు టీ ఇచ్చాడు. పాలు లేకుండా! ఇంటి వెనక అన్ని ఆవులు పెట్టుకుని. నేను గోదావరి, బ్యారేజీ గురించి చెప్పాను. ఆయన అంతా విని, "కట్టేముందు మీ ఊళ్లవాళ్లతో కూర్చుని మాట్లాడారా?" అని అడిగాడు. నాకు జవాబు తెలియలేదు. నేనప్పుడు నాగపూర్ హాస్టల్లో ఉన్నాను. మా నాన్నను అడిగి చెబుతానన్నాను.

అందుకే అడుగుతున్నాను బాపూ. నా థీసిస్ దీని మీదే రాద్దామనుకుంటున్నాను, వేసవిలో వచ్చి నది ఊళ్లన్నీ తిరుగుతాను. ఈలోగా నువ్వు ఒక పని చేసిపెట్టు. పోచంపల్లి దిక్కు నీ తునికాకు కల్లం దోస్తులు ఉన్నారు కదా, వాళ్లను కదిలించు. ఊళ్లో మీటింగ్ పెట్టారా, పెడితే ఎవరొచ్చారు, ఏ భాషలో మాట్లాడారు, తెలుగులో చెప్పారా మరాఠీలోనా, సాత్‌బారా కాగితాలు, అదే భూమి రికార్డులు, ఎవరివి తీసుకున్నారు. సంతకం పెట్టినవాళ్లు ఏం అనుకుని పెట్టారు. గుర్తున్నంత చెప్పమను, నువ్వు నీ పాత నోటుబుక్కులో రాసిపెట్టు. ఫోన్లో చెప్పకు, మధ్యలో సిగ్నల్ పోతుంది.

అవ్వ కారం పంపుతానంటోందట, వద్దను, పార్సిల్ ఖర్చుతో ఇక్కడ నెల కూరగాయలు వస్తాయి. మా వీధిలో సురినామ్ వాళ్ల దుకాణం ఉంది. వాళ్ల ముత్తాతలను 1873 తర్వాత మన దేశం నుంచే చెరుకు తోటల్లో కూలికి ఓడల్లో తీసుకెళ్లారట. అక్కడ పచ్చిమిర్చి దొరుకుతుంది, ఆ ఆంటీ మాట్లాడేది భోజ్‌పురిలా ఉంటుంది, నాకు సగం అర్థమవుతుంది. తమ్ముడిని పరీక్ష ఫీజు గడువు లోపల కట్టమను. నీ మోకాలుకు ఆ నూనె రాస్తున్నావా లేదా?

నీ చిన్నబిడ్డ