‘హేస్టీ యాక్షన్’ అడగకండి

సంపాదకులకు,

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగువాళ్లలో ఒడియా రాయలేనివారు ఆఫీసులకు ఇంగ్లీషులోనే అర్జీ పెట్టుకుంటారు. ఆఖరి వాక్యంలో తరచు కనిపించేది: ‘కైండ్లీ టేక్ హేస్టీ యాక్షన్’. అంటే ముందూ వెనకా చూడకుండా ఏదో ఒకటి చేసెయ్యమని! అక్కడ రాయవలసింది ‘ప్రాంప్ట్ యాక్షన్’ లేదా ‘ఎర్లీ యాక్షన్’.

‘తొందరగా రా’ అంటే తప్పు లేదు, ‘తొందరపాటు’ అంటే మాత్రం నింద. ఇంగ్లీషులోనూ అంతే. ‘విత్ ఆల్ హేస్ట్’ మర్యాదైన మాటే, ‘హేస్టీ డెసిషన్’ తొందరపాటు నిర్ణయం. మూలం ఒకటైనంత మాత్రాన అర్థం ఒకటి కాదు. మహేంద్రతనయ నదికి అవతల పాతపట్నంలో ‘చంచలం’ అంటే నిలకడలేనితనం, ఇవతల ఒడియాలో ‘చంచళ’ అంటే త్వరగా!

‘ఎక్స్‌పెడైట్’ (ఆగిన పనిని వేగిరపరచడం) మొదటి అర్జీలో వద్దు. లాటిన్‌లో దాని మూలార్థం కాళ్లకున్న బంధం విప్పడం. కాగితం ఇచ్చాక ఏదో బల్ల మీద ఆగిపోతే, రిమైండర్లో పాత అర్జీ నంబరు, తేదీ వేసి ‘ప్లీజ్ ఎక్స్‌పెడైట్ ద ఇష్యూ ఆఫ్ ద సర్టిఫికెట్’ అనాలి. మధ్యలో ‘ఫర్’, ‘అబౌట్’ ఇరికించకూడదు. ‘హర్రీ అప్’ అధికారితో అనేది కాదు, ‘ఊఁ, కానివ్వవయ్యా’ అన్నట్టుంటుంది.

మనకు ‘రష్’ అంటే జనం. అందుకే బస్సు కిటకిటలాడితే ‘ద బస్ ఈజ్ రష్’ అని పిల్లలు పరీక్షలో రాసి మార్కు పోగొట్టుకుంటారు. రాయవలసింది ‘క్రౌడెడ్’. రోగిని హుటాహుటిన ఆసుపత్రికి తరలిస్తే ‘రష్డ్ టు హాస్పిటల్’ సరైనదే.

పత్రికలకూ ఒక మనవి. ‘ర్యాష్ డ్రైవింగ్’ అన్న చోటల్లా ‘అతివేగం’ అని అచ్చవుతోంది. ర్యాష్ అంటే వేగం కాదు, దుడుకు. అపాయం తెలిసీ లెక్కచేయకపోవడం. సంతరోజు జనం మధ్య 20 కిలోమీటర్ల వేగంతోనూ దుడుకుగా నడపవచ్చు. భారతీయ న్యాయ సంహితలో దీనికి 281వ సెక్షన్ (పాత ఐపీసీలో 279), వేగపరిమితి దాటితే మోటారు వాహనాల చట్టంలో 183. ఎఫ్ఐఆర్‌లో 281 ఒక్కటే ఉంటే ‘దుడుకుగా నడిపి’ అని వేయండి.

ఇట్లు,
ఇంగ్లీషు ఉపాధ్యాయులు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా