నర్వ్ టెస్టు గదిలోని అమ్మాయికి కృతజ్ఞతలు

మా నాన్నగారికి ఎడమ పాదం పైకి లేవడం లేదు, నడుస్తుంటే చెప్పు జారిపోతోంది. దెబ్బ నడుము దగ్గరి నరానిదా, మోకాలి పక్క నరానిదా తేల్చడానికి డాక్టరుగారు నర్వ్ కండక్షన్ (చిన్న కరెంటుతో నరం వేగం చూసే టెస్టు), ఈఎంజీ (సూదితో కండరం పనితీరు చూసే టెస్టు) రాశారు. కరెంటు పెడతారనగానే ఆయనకు ఒకటే టెన్షన్.

టెక్నీషియన్ అమ్మాయి ముందు ఆయన పాదాలు తాకి చూసింది. చల్లగా ఉంటే నరం వేగం తక్కువ చూపిస్తుందట, దుప్పటి కప్పి వెచ్చబడేదాకా ఆగింది. బయట అంత క్యూ ఉన్నా! "తాతగారూ, ఇప్పుడు చిన్న షాక్, కాలు దానంతటదే ఎగురుతుంది" అని ప్రతిసారీ చెప్పాకే మీట నొక్కింది. డాక్టరుగారు సూది గుచ్చేటప్పుడు ఆయన చెయ్యి పట్టుకుని, "సూదిలో కరెంటు ఉండదండీ, కండరం చప్పుడు వినడానికే" అంది. మెషీన్‌లో రేకుల మీద చినుకులు పడుతున్నట్టు టపటపలు. నరం అందని కండరం అలాగే చప్పుడు చేస్తుందట.

పాదం మీది స్పర్శ నరం బాగానే ఉంది, నడుము పక్క కండరంలో మాత్రం తేడా కనబడింది. అంటే దెబ్బ మోకాలి దగ్గర కాదు, నడుము దగ్గర వెన్నులోంచి వచ్చే ఎల్5 నరం మొదట్లోనే అని తేలింది. ఇప్పుడు ఫిజియోథెరపీ నడుస్తోంది.

నీ పేరు తెలియదమ్మా. నాన్నగారు మాత్రం వచ్చినవాళ్లందరికీ నీ గురించే చెబుతున్నారు. చాలా థాంక్స్ తల్లీ.