‘చరిత్రలో ఈ రోజు’: తేదీతో పాటు అది ఏ లెక్కో కూడా వేయండి

సంపాదకులకు,

పత్రికలో ‘చరిత్రలో ఈ రోజు’ శీర్షికకు దక్కే జాగా తక్కువ, చదివేవాళ్లు ఎక్కువ. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు దాన్ని కత్తిరించి దాచుకుంటారు, బడిపిల్లలు నోటుబుక్కులోకి ఎక్కించుకుంటారు. అందులో తేదీ తప్పు పడితే మర్నాడు మూలన వేసే సవరణ వాళ్లందరి కంటా పడదు. తప్పులు ఎక్కడ దొర్లుతాయో ముందే తెలుసు కాబట్టి వాటిని ఆపడం పెద్ద పనేమీ కాదు. అందుకే ఈ ఉత్తరం.

అన్నిటికన్నా పెద్ద చిక్కు పాత, కొత్త క్యాలెండర్లది. 1582లో పోప్ గ్రెగరీ 13 జూలియన్ క్యాలెండర్‌ను సవరించి, అక్టోబరు 4 గురువారం మర్నాటిని అక్టోబరు 15 శుక్రవారం చేశారు. ఇటలీ, స్పెయిన్, పోర్చుగల్ వెంటనే మారాయి. బ్రిటన్ 1752 దాకా మారలేదు. ఆ ఏడాది అక్కడ సెప్టెంబరు 2 తర్వాత 14 వచ్చింది. రష్యాలో 1918 జనవరి 31 మర్నాడు ఫిబ్రవరి 14. గ్రీసు 1923లో గానీ దారికి రాలేదు. మధ్యలో ఉన్న మూడు వందల పైచిలుకు ఏళ్లలో ఒకే రోజుకు ఒక దేశంలో ఒక తేదీ, పక్క దేశంలో ఇంకో తేదీ.

పాత (జూలియన్) తేదీని కొత్త (గ్రెగరీ) లెక్కలోకి తేవాలంటే 1582 నుంచి 1700 ఫిబ్రవరి దాకా 10 రోజులు, అక్కడి నుంచి 1800 ఫిబ్రవరి దాకా 11, 1900 ఫిబ్రవరి దాకా 12, ఆ తర్వాత 13 కలపాలి. 1700, 1800, 1900 పాత లెక్కలో లీపు సంవత్సరాలు, కొత్త లెక్కలో కావు. తేడా పెరుగుతూ పోవడానికి కారణం అదే. 1600 రెండింటిలోనూ లీపే కనుక అక్కడ పెరగలేదు. రష్యా పేరు కనబడగానే 13 కలిపేయడం తరచూ కనిపించే పొరపాటు. రష్యన్ కవి పుష్కిన్ పుట్టింది పాత లెక్కలో 1799 మే 26న. 11 కలిపితే జూన్ 6, అదే సరైనది. 13 కలిపితే 8వ తేదీ పేజీలోకి పోతాడు. చనిపోయింది 1837 జనవరి 29న. అప్పటికి తేడా 12 అయింది కాబట్టి ఫిబ్రవరి 10. 1917 అక్టోబరు 25 నాటి విప్లవానికి మాత్రం 13 సరిపోతుంది, నవంబరు 7 వస్తుంది. ఎన్ని కలపాలన్నది సంఘటన జరిగిన కాలాన్ని బట్టి ఉంటుంది తప్ప మనం ఇవాళ ఏ శతాబ్దంలో ఉన్నామన్నదాన్ని బట్టి కాదు.

గెలీలియో పోయిన ఏడాదే న్యూటన్ పుట్టాడన్న మాట ఏటా ఎక్కడో ఒకచోట అచ్చవుతూనే ఉంటుంది. గెలీలియో మరణం 1642 జనవరి 8, ఇటలీలోని కొత్త లెక్క ప్రకారం. న్యూటన్ జననం 1642 డిసెంబరు 25, ఇంగ్లండులోని పాత లెక్క ప్రకారం. ఇద్దరినీ కొత్త లెక్కలో పెడితే న్యూటన్ తేదీకి 10 కలిసి 1643 జనవరి 4 అవుతుంది. ఇద్దరినీ పాత లెక్కలో పెడితే గెలీలియో తేదీలోంచి 10 పోయి 1641 డిసెంబరు 29 అవుతుంది. ఏ లెక్కలో చూసినా ఇద్దరిదీ ఒకే ఏడాది కాదు. రెండు లెక్కలు కలిపేస్తేనే ఆ ముచ్చట నిలుస్తుంది. షేక్‌స్పియర్, స్పెయిన్ రచయిత సెర్వాంటెస్ 1616 ఏప్రిల్ 23న ఒకే రోజు కన్నుమూశారనడమూ ఇలాంటిదే. షేక్‌స్పియర్‌ది పాత తేదీ, కొత్త లెక్కలో అది మే 3. సెర్వాంటెస్ పోయింది ఏప్రిల్ 22న, 23 ఆయనను ఖననం చేసిన రోజు.

ఇంగ్లండు విషయంలో ఇంకో మెలిక ఉంది. 1752కు ముందు అక్కడ అధికారికంగా సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అందుకే జార్జి వాషింగ్టన్ పుట్టిన తేదీ నాటి లెక్కలో 1731 ఫిబ్రవరి 11 అయితే, ఇప్పటి లెక్కలో 1732 ఫిబ్రవరి 22. రోజులే కాదు, ఏడాదే మారిపోయింది. అప్పటి ఆంగ్ల పత్రాల్లో జనవరి 1 నుంచి మార్చి 24 లోపు తేదీ కనబడితే సంవత్సరాన్ని అనుమానించాల్సిందే.

1582కు ముందు తేదీలను మాత్రం కదపకండి. కొలంబస్ నేల చూసింది 1492 అక్టోబరు 12న. కొత్త లెక్కను వెనక్కి జరిపితే అది 21 అవుతుంది గానీ ఆ తేదీని చరిత్ర పుస్తకాలేవీ వాడవు. కొన్ని కంప్యూటరు ప్రోగ్రాములు అడక్కుండానే ఇలా వెనక్కి లెక్కగట్టేస్తాయి. అప్పటికే కొత్త లెక్కలోకి మార్చేసిన తేదీకి మళ్లీ పది కలపడం కూడా జరుగుతూ ఉంటుంది.

వీటిని పట్టుకోవడానికి మంచి సాధనం వారం. రోమ్‌లోనూ లండన్‌లోనూ తేదీలు ఎగిరాయి కానీ వారాల వరస చెడలేదు. బ్రిటన్‌లో సెప్టెంబరు 2 బుధవారమైతే 14 గురువారం. కాబట్టి మూలంలో వారం ఇచ్చి ఉంటే తేదీతో సరిచూడాలి. 1900ల్లోని తేదీకైతే ఇది కాగితం మీద తేలిపోయే లెక్క. సంవత్సరంలోని చివరి రెండంకెలు, అందులో నాలుగో వంతు (శేషం వదిలేయాలి), నెల అంకె, తేదీ కూడి 7తో భాగించాలి. శేషం 0 అయితే ఆదివారం, 1 సోమవారం, అలా 6 శనివారం. నెల అంకెలు జనవరి నుంచి వరసగా 0, 3, 3, 6, 1, 4, 6, 2, 5, 0, 3, 5. లీపు సంవత్సరంలో జనవరి, ఫిబ్రవరి తేదీలకు మొత్తంలోంచి 1 తీసేయాలి. టైటానిక్ మంచుకొండను గుద్దుకున్న 1912 ఏప్రిల్ 14 తీసుకుందాం: 12, 3, 6, 14 కూడితే 35, శేషం సున్న, ఆదివారం. సరిపోయింది. 1800ల్లోని తేదీకి అదనంగా 2 కలపాలి, 2000ల్లోని తేదీకి 1 తగ్గించాలి.

వారాల వరసకు లొంగని చోటు అలాస్కా. 1867లో రష్యా నుంచి అమెరికా చేతికి వచ్చినప్పుడు క్యాలెండరుతో పాటు దాటితే తేదీ ఒక రోజు మారే తేదీ రేఖ కూడా అటునుంచి ఇటు మారింది. దాంతో అక్టోబరు 6 శుక్రవారం మర్నాడు అక్టోబరు 18, మళ్లీ శుక్రవారమే!

శాసనాల తేదీలకూ వారమే దిక్కు. శాసనంలోని శక సంవత్సరం గడిచినదైతే (పూర్తయిన ఏళ్ల లెక్క) క్రీస్తు శక సంవత్సరం రావడానికి దానికి 78 కలపాలి, జనవరి నుంచి చైత్రం లోపల పడితే 79. నడుస్తున్న సంవత్సరమైతే వీటిలో ఒకటి తగ్గుతుంది. రెండింటిలో ఏదన్నది చాలాసార్లు తిథివారాలు కుదిరేదాన్ని బట్టే తేలుతుంది. హిజ్రీ తేదీ సూర్యాస్తమయంతో మొదలవుతుంది కాబట్టి అక్కడ ఒక రోజు అటూఇటూ అయ్యే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

ఇక గడియారం సంగతి. పెర్ల్ హార్బర్‌పై దాడి హవాయిలో 1941 డిసెంబరు 7 ఉదయం 7.55కు మొదలైంది. టోక్యోలో అప్పటికే 8వ తేదీ తెల్లవారుజాము. ఇలాంటివాటికి సంఘటన జరిగిన చోటి తేదీ వేయడమే పద్ధతి. చంద్రుడి మీదైతే ఏ ఊరి తేదీ వేస్తారు? అపోలో 11 దిగింది గ్రీనిచ్ సమయం 1969 జులై 20 రాత్రి 8.17కు, ఆర్మ్‌స్ట్రాంగ్ అడుగు పెట్టింది 21 తెల్లవారుజామున 2.56కు. అమెరికా గడియారాల్లో రెండూ 20నే. భారత కాలమానంలో రెండూ 21నే, ఒకటి రాత్రి 1.47కు, రెండోది ఉదయం 8.26కు. ‘జులై 20’ అని వేసినా ‘జులై 21’ అని వేసినా తప్పు కాదు, ఏ గడియారమో చెప్పకపోవడమే తప్పు. అర్ధరాత్రి దాటిన సంఘటనలకూ ఈ జాగ్రత్త కావాలి. టైటానిక్ గుద్దుకున్నది 14 రాత్రి 11.40కి, మునిగింది 15 తెల్లవారుజామున 2.20కి. 14న ‘మునిగింది’ అని వేస్తున్నారు.

చాలా సంఘటనలకు అసలు ఒక్క తేదీ ఉండదు. అమెరికా స్వాతంత్ర్యానికి ఓటు పడింది 1776 జులై 2న, ప్రకటన పాఠాన్ని ఆమోదించింది 4న, ఎక్కువ మంది సంతకాలు చేసింది ఆగస్టు 2న. జులై 4న ‘సంతకాలు చేశారు’ అని రాస్తే తేదీ ఒప్పే, క్రియ తప్పు. భారత రాజ్యాంగాన్ని ఆమోదించింది 1949 నవంబరు 26న, సభ్యులు సంతకాలు చేసింది 1950 జనవరి 24న, పూర్తిగా అమల్లోకి వచ్చింది 26న. ప్లూటో కనబడింది 1930 ఫిబ్రవరి 18న, ప్రకటించింది మార్చి 13న. ఆమోదించారు, అమలైంది, కనుగొన్నారు, ప్రకటించారు అన్న మాటల్లో ఏది వాడుతున్నామో చూసుకున్నాకే తేదీ వేయాలి. పాతకాలపు పుట్టినరోజులకూ ఇదే వర్తిస్తుంది. సంగీతకారుడు బీథోవెన్‌కు 1770 డిసెంబరు 17న బాప్తిస్మం ఇచ్చినట్టు రికార్డు ఉంది, పుట్టిన తేదీకి లేదు.

అంకెల్లో మాత్రమే రాసిన తేదీని ఎత్తి రాసుకోవద్దు. అమెరికా పద్ధతిలో నెల ముందు, రోజు తర్వాత. ఏడాదిలో 132 తేదీలు ఇలా తిరగబడినా చూడ్డానికి సక్రమంగానే ఉంటాయి. పాత పత్రికను ఆధారంగా తీసుకుంటే పైనున్న సంచిక తేదీని కాకుండా వార్త మొదట్లో ఉన్న తేదీని చూడాలి. ఎవరెస్టు ఎక్కింది 1953 మే 29న, లండన్ పత్రికలో వచ్చింది జూన్ 2న. పది వెబ్‌సైట్లు ఒకే తేదీ చెబుతున్నా, ఒకదాన్ని చూసి ఒకటి రాసుకున్నవైతే అవన్నీ ఒక్క సాక్ష్యం కిందే లెక్క. నాటి గెజిట్, చర్చి రిజిస్టరు, సభా కార్యకలాపాల నివేదిక, వీటిలో ఒకటైనా చూడగలిగితే మేలు.

అచ్చులో దీనికి పట్టే జాగా ఎంతో కాదు. ‘1917 నవంబరు 7 (పాత లెక్క అక్టోబరు 25)’, ‘1969 జులై 21 (భారత కాలమానం)’ అని వేస్తే చాలు. తేదీ తేలనివాటికి ‘సుమారు’ అని పెట్టండి, లేదా ఆ రోజుకు వేరే సంఘటన చూసుకోండి. ఒక తప్పు ఏటేటా అదే రోజున తిరిగి రావడానికి కారణం, డెస్కులో పోయిన ఏడాది ఫైలునే తెరిచి మళ్లీ వాడటం. పత్రికలో సవరణ వేసిన రోజే ఆ ఫైల్లోని వాక్యాన్నీ దిద్ది, పక్కన ఆధారం పేరు, దిద్దిన తేదీ రాసి పెట్టించగలరు.

ఇట్లు,
చరిత్ర బోధించే కొందరు పాఠకులు