పోస్టర్‌లో చిన్న అక్షరాలు

చి. తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ ఇంగ్లండ్‌లో మేమంతా క్షేమం. అమ్మకీ నాన్నకీ విడిగా రాస్తున్నాను, ఈ ఉత్తరం మొత్తం నీ ప్రశ్నకే.

నువ్వు తయారుచేస్తున్న ట్రిబ్యూట్ బ్యాండ్ల (అంటే పేరున్న బ్యాండ్‌ని అనుకరిస్తూ దాని పాటలే వాయించే జట్ల) జాబితాలో, ద జామ్ అనే పాత ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ మాజీ సభ్యులు పెట్టిన ఫ్రమ్ ద జామ్‌ని వెయ్యనా వద్దా అని అడిగావు. పాత బ్యాండ్‌లో ఉన్నవాడొకడు కొత్తవాళ్లని పోగేసుకుని అవే పాటలు వాయిస్తూ తిరిగితే అది ట్రిబ్యూట్ కాక మరేమిటని నీ వాదన. కాదంటాను. అలాగని అసలు బ్యాండూ కాదు. ఈ రెండిటికీ మధ్య ఒక జాతి ఉందిరా, కోర్టులకీ, హాళ్లు బుక్ చేసేవాళ్లకీ ఎక్కువ తలనొప్పి తెచ్చింది అదే.

ట్రిబ్యూట్ అన్నది బయటివాళ్ల పని. 1980లో ఇక్కడ మొదలైన బూట్‌లెగ్ బీటిల్స్, 1988లో ఆస్ట్రేలియాలో పుట్టిన ఆస్ట్రేలియన్ పింక్ ఫ్లాయిడ్ షో, అదే ఏడు మెల్‌బోర్న్‌లో అబ్బా పాటల కోసం పుట్టిన బ్యోర్న్ అగైన్, వీళ్లంతా రికార్డుని ఉన్నదున్నట్టు వేదిక మీదికి దించడానికి కష్టపడతారు. ఏ గిటార్, ఏ యాంప్, ఏ శ్రుతి, ఏ వేగం, చరణం ముందు డ్రమ్మర్ ఎన్ని దెబ్బలు కొట్టాడు, అన్నీ లెక్కే. జామ్‌ని వాయించే ట్రిబ్యూట్ అయితే రికెన్‌బాకర్ 330 గిటార్ చేతికి రాకుండా పని మొదలుపెట్టదు, జామ్ గాయకుడు, గిటారిస్టు పాల్ వెల్లర్ వాయించింది అదే కనక.

సొంతదారుకి, అంటే ఆ బ్యాండ్‌లో ఉన్నవాడికి, అంత భక్తి ఉండదు. గొంతు దిగితే పాటని అర మెట్టో ఒక మెట్టో కిందికి దించేస్తాడు, విసుగొచ్చిన సోలోని మార్చేస్తాడు, నచ్చనిది సెట్‌లిస్ట్‌లోంచే (ఆ రాత్రి వాయించే పాటల జాబితాలోంచే) తీసేస్తాడు. జెనెసిస్ అనే ఇంగ్లిష్ బ్యాండ్ విషయంలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. కెనడాకి చెందిన ద మ్యూజికల్ బాక్స్ 1970ల మొదట్లోని జెనెసిస్ ప్రదర్శనల్ని దుస్తులతో, ముసుగులతో, వెనక తెర మీది స్లైడ్లతో సహా తిరిగి కట్టి చూపిస్తుంది. స్టీవ్ హ్యాకెట్ 1977లో జెనెసిస్‌ని వదిలేసిన గిటారిస్టు. అవే పాటల్ని జెనెసిస్ రివిజిటెడ్ అన్న పేరుతో వాయిస్తాడు, ముసుగు వేసుకోడు, సోలోలు తన ఇష్టం. చెవితో పోలిస్తే మొదటివాళ్లే రికార్డుకి దగ్గర. అయినా హ్యాకెట్‌ని అనుకరణ అనలేం. ఆ రికార్డులో వినపడే చెయ్యి అతనిదే, తన చెయ్యిని తనే అనుకరించడం ఏమిటి?

దీన్నిబట్టి నేను వాడే పరీక్ష ఒకటుంది. వేదిక మీది మనిషి ఆ పాటల రికార్డుల్లో వాయించాడా లేదా? ఎప్పుడో చివర్లో చేరి రెండేళ్లు ఉండి వెళ్లినవాడు, తను పుట్టకముందు వచ్చిన ఆల్బమ్ మొత్తం వాయిస్తానంటే, 'మాజీ సభ్యుడు' అన్న మాట నిజమే అయినా ఆ రాత్రి అతను చేసేది కవర్లే, అంటే వేరేవాళ్ల పాటలు తిరిగి వాయించడమే. పింక్ ఫ్లాయిడ్ డ్రమ్మర్ నిక్ మేసన్ 2018లో సాసర్‌ఫుల్ ఆఫ్ సీక్రెట్స్ అనే జట్టు పెట్టి 1973కి ముందు పింక్ ఫ్లాయిడ్ పాటలే వాయిస్తున్నాడు. ఆ పాటల రికార్డుల్లో డ్రమ్స్ అతనివే. పాడేది స్పాండౌ బ్యాలే అనే వేరే బ్యాండ్ నుంచి వచ్చిన గ్యారీ కెంప్ అయినా నా పరీక్షలో అది నెగ్గుతుంది. పైగా పెద్ద పేరు జోలికే పోకుండా 1968 నాటి ఆల్బమ్ పేరు పెట్టుకున్నాడు. తెలిసినవాడు తెలుసుకుంటాడు, మోసపోయేవాడు ఎవడూ ఉండడు.

తలల లెక్క మాత్రం నమ్మకు. 'అసలువాళ్లు ఎంతమంది ఉన్నారు' అన్నది అందరూ అడిగే ప్రశ్న, దానితో తేలేది తక్కువ. 1981లో యూరోవిజన్ పాటల పోటీ గెలిచిన బక్స్ ఫిజ్ నలుగురిలో ముగ్గురు కలిసి పాడినా ఆ పేరు వాళ్లకి దక్కలేదు, 2016లో ద ఫిజ్ అని పెట్టుకున్నారు. షుగబేబ్స్ అనే అమ్మాయిల జట్టులో 2009 తర్వాత కొన్నేళ్లు మొదటి ముగ్గురిలో ఒక్కరూ లేరు, అయినా ఆ పేరు ఉన్నది అప్పటి కొత్తవాళ్లకే. ఆ మొదటి ముగ్గురూ మళ్లీ కలిసినప్పుడు తమ పేర్లే కలిపి ముత్యా కీషా సియోభాన్ అని పెట్టుకోవాల్సొచ్చింది, పేరు తిరిగి చేతికొచ్చింది 2019లో. డాక్టర్ ఫీల్‌గుడ్ అనే బ్యాండ్‌లో మొదటివాళ్లు ఎవరూ లేరు, దాన్నీ ఎవరూ ట్రిబ్యూట్ అనరు. పేరు తెగకుండా చేతులు మారుతూ వచ్చింది, అంతే.

మరి పేరు ఎవరిది? ఇంగ్లండ్‌లో దీనికి మూలస్తంభం లాంటి తీర్పు శాక్సన్ అనే హెవీ మెటల్ బ్యాండ్ కేసు. గ్రాహమ్ ఆలివర్, స్టీవ్ డాసన్ ఇద్దరూ ఆ బ్యాండ్ తొలినాళ్లవాళ్లే. బయటికొచ్చాక 1999లో 'శాక్సన్' అన్న పేరుని తమ ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేయించుకున్నారు. లోపలే ఉండిపోయిన గాయకుడు బిఫ్ బైఫర్డ్ సవాలు చేశాడు. 2003లో హైకోర్టు జడ్జి లాడీ తేల్చింది ఏమిటంటే, రాతపూర్వక ఒప్పందం లేని బ్యాండ్ ఒక భాగస్వామ్యం, పేరూ పరపతీ ఆ భాగస్వామ్యానివి. ఉమ్మడి ఆస్తి లాగన్నమాట. వేరుపడి పోయేవాడు తన వాటా డబ్బు లెక్క అడగొచ్చు, ఇంటి పలకని ఊడబెరుక్కుని పోలేడు. రిజిస్ట్రేషన్ కొట్టేశారు. మొదటి రోజే నాలుగు లైన్లు రాసుకుని ఉంటే ఈ గొడవే ఉండేది కాదని కూడా ఆ తీర్పులో ఉంది. ఎవరు రాసుకుంటారు, గ్యారేజీలో వాయించుకునే రోజుల్లో?

పేరు దక్కనివాడికి మిగిలేది తన చరిత్ర. 'నేను ఫలానా బ్యాండ్‌లో ఉండేవాణ్ణి' అన్నది నిజం, నిజం చెప్పే హక్కు ఎవరూ లాక్కోలేరు. ఎంత పెద్ద అక్షరాల్లో చెబుతాడన్న దగ్గరే పేచీ. అమెరికాలో రెండు కేసులు పక్కపక్కన పెట్టి చూడు.

స్టెపెన్‌వుల్ఫ్ అనే రాక్ బ్యాండ్‌లో బేస్ వాయించిన నిక్ సెయింట్ నికొలస్ తర్వాత వరల్డ్ క్లాసిక్ రాకర్స్ అనే జట్టులో వాయించాడు. ప్రకటనలో 'స్టెపెన్‌వుల్ఫ్ మాజీ సభ్యుడు', 'స్టెపెన్‌వుల్ఫ్ తొలి సభ్యుడు' అని రాసేవాడు. పేరు మీద హక్కులు వదులుకుంటూ అతను ఎప్పుడో సంతకం కూడా పెట్టి ఉన్నాడు. అయినా 2000లో తొమ్మిదో సర్క్యూట్ కోర్టు (అక్కడి ఫెడరల్ అప్పీలు కోర్టు) అతని వైపే మొగ్గింది. 'మాజీ' అన్న మాటే గందరగోళాన్ని తగ్గిస్తుందని, ప్రకటనలో ముందుగా కంటపడేది కొత్త జట్టు పేరేనని.

బీచ్ బాయ్స్ బ్యాండ్‌లో ఉన్న అల్ జార్డీన్‌కి 2003లో అదే కోర్టులో చుక్కెదురైంది. అతని ప్రదర్శనలు 'బీచ్ బాయ్స్ ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్' లాంటి రకరకాల పేర్లతో అమ్ముడయ్యాయి. ప్రచార కాగితాల్లో 'ద బీచ్ బాయ్స్' బొద్దుగా, ముందుకొచ్చి కనపడుతోంది, 'ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్' వెనకబడి ఉంది. కొందరు బుక్ చేసినవాళ్లూ, చూడ్డానికి వచ్చినవాళ్లూ ఎవరొస్తున్నారో తెలియక తికమకపడ్డారని సాక్ష్యం కూడా వచ్చింది. జార్డీన్ అసలైన బీచ్ బాయ్ అవునా కాదా అన్న మీమాంసే లేదు, అవును. అయినా ఓడిపోయాడు.

ఇక్కడ ఇంగ్లండ్‌లో విష్‌బోన్ యాష్ అనే బ్యాండ్ గొడవ కూడా అచ్చం అంతే. తొలి బేసిస్టు మార్టిన్ టర్నర్ 'మార్టిన్ టర్నర్స్ విష్‌బోన్ యాష్' అని తిరిగేవాడు. ట్రేడ్‌మార్క్ ఆ బ్యాండ్ గిటారిస్టు ఆండీ పవెల్ దగ్గరుంది. 2013లో కోర్టు టర్నర్‌కి వ్యతిరేకంగా తీర్పిచ్చాక పేరు 'మార్టిన్ టర్నర్ ఎక్స్-విష్‌బోన్ యాష్' అయింది. మొదటిదానిలో బ్యాండ్ తనదన్న ధ్వని ఉంది, రెండోదానిలో తను ఒకప్పుడు అందులో ఉన్నానన్న సమాచారం ఉంది.

మరీ దిగజారిన ఉదాహరణ డీప్ పర్పుల్ అనే రాక్ బ్యాండ్ పేరుతో 1980లో జరిగింది. బ్యాండ్ 1976లోనే విడిపోయింది. మొదటి మూడు ఆల్బమ్‌లు పాడిన రాడ్ ఎవాన్స్ కిరాయి వాద్యగాళ్లతో కలిసి నేరుగా డీప్ పర్పుల్ అన్న పేరే పెట్టుకుని తిరిగాడు. కోర్టు 6,72,000 డాలర్ల నష్టపరిహారం వేసింది, తను పాడిన ఆ ఆల్బమ్‌ల రాయల్టీ కూడా పోగొట్టుకున్నాడు. 'ట్రిబ్యూట్' అని ఒక్క మాట తగిలించి ఉంటే బతికిపోయేవాడేమో.

ఆ మాటకి చట్టంలో నిజంగానే విలువుంది. పెన్సిల్వేనియా 2005లో మొదలుపెట్టి ముప్పైకి పైగా అమెరికా రాష్ట్రాలు 'ట్రూత్ ఇన్ మ్యూజిక్' చట్టం చేశాయి. షా నా నా అనే జట్టు గాయకుడు జాన్ బౌమన్ దీనికోసం రాష్ట్రం రాష్ట్రం తిరిగాడు. పాత పేరుతో ప్రదర్శన ఇవ్వాలంటే ట్రేడ్‌మార్క్ నీదై ఉండాలి, లేదా రికార్డు చేసిన జట్టు అనుమతి ఉండాలి, లేదా ఆ జట్టు సభ్యుడు ఒక్కడైనా వేదిక మీద ఉండాలి. చాలామంది ఇక్కడే చదవడం ఆపేస్తారు. ఆ ఒక్కడికి పేరు వాడే చట్టబద్ధమైన హక్కు కూడా ఉండాలి, పేరునీ జట్టునీ వదిలేసుకున్నవాడికి అది వర్తించదు. ఇవేవీ లేకపోతే ప్రకటనలోనే ట్రిబ్యూట్ అనో సెల్యూట్ అనో స్పష్టంగా రాయాలి. కొత్త జట్టు పేరు పాతదానికి మరీ దగ్గరగా ఉంటే ఆ మాట పెట్టినా చెల్లదని న్యూజెర్సీ లాంటి చోట్ల రాశారు. అంటే చట్టం దృష్టిలో హక్కులేని మాజీ సభ్యుడు తనకి తానే ట్రిబ్యూట్ అని ఒప్పుకోవాల్సిన పరిస్థితి కూడా రావచ్చు. నీ వాదనకి ఆ మాత్రం బలం ఉంది, ఒప్పుకుంటాను.

హాలు బుక్ చేసేవాడు ఇదంతా ఎలా చూడాలో కూడా రాస్తాను, పోస్టర్లు చదవడానికి నీకూ పనికొస్తుంది. ముందు ట్రేడ్‌మార్క్ రిజిస్టర్‌లో ఆ పేరు వెతకాలి. 41వ తరగతి ప్రదర్శనలకి, 9 రికార్డింగులకి, 25 టీషర్టులకి. ప్రదర్శన పేరు చట్టబద్ధమైనా టీషర్టు మీద పాత లోగో వేసి అమ్మితే వేరే కేసు. ఒప్పందంలో పేరు ఏ మాటలతో, ఏ వరుసలో అచ్చవ్వాలో అక్షరం పొల్లుపోకుండా రాయించాలి. మనిషి పేరు ముందు, బ్యాండ్ పేరు తర్వాత, అది కూడా సగం సైజుకి మించకుండా అన్నది నా కొలత. టికెట్ సైట్లు పొడుగు పేర్లని మధ్యలో తెగ్గొడతాయి. 'విష్‌బోన్ యాష్' ముందుండి 'మాజీ' వెనకుంటే తెగిపోయేది 'మాజీ'యే, ఫోన్ తెర మీద మిగిలేది అబద్ధం. పాత లైనప్ ఫొటో, ఆల్బమ్ అట్ట బొమ్మ అసలు వద్దు. పేరున్న ఆ ఒక్క మనిషి జ్వరంతో రాకపోతే షో రద్దు చేసే హక్కు, టికెట్ డబ్బు వెనక్కిచ్చే బాధ్యత ఎవరిదో ముందే రాసుకోవాలి. అతను లేని రోజు ఆ మిగతావాళ్లు ట్రిబ్యూటే కదా, టికెట్ మాత్రం అతని పేరు మీద అమ్ముడైపోయి ఉంటుంది. పేరు మీద దావా పడితే ఖర్చు బ్యాండ్‌దేనన్న హామీ కూడా తీసుకోవాలి. ఏజెంట్లు దీనికి మొహం ముడుచుకుంటారు. ముడుచుకుంటే అనుమానించాలి.

డబ్బు సంగతి వింటే నువ్వు ఆశ్చర్యపోతావు. పాటల ప్రదర్శన రుసుము ఇక్కడ పీఆర్ఎస్ అనే సంస్థ వసూలు చేసి రాసినవాళ్లకీ ప్రచురణకర్తలకీ పంచుతుంది, వాయించినవాడికి కాదు. జామ్ పాటలు దాదాపు అన్నీ వెల్లర్ రాసినవే. జామ్ బేసిస్టు బ్రూస్ ఫాక్స్‌టన్ ఫ్రమ్ ద జామ్‌తో వేదికెక్కి, తను ఆనాడు రికార్డు చేసిన బేస్ లైన్లే వాయించినా, ఆ రుసుము వెల్లర్ వైపే పోయేది. ఫాక్స్‌టన్ రాసిన 'స్మిథర్స్-జోన్స్' లాంటివి వచ్చినప్పుడే అతనికి. ఊరూపేరూ లేని ట్రిబ్యూట్ వాయించినా లెక్క అదే. రుసుము చిట్టాలో మాజీ సభ్యుడికీ అనుకరించేవాడికీ తేడా లేదు. అందుకే సెట్‌లిస్ట్ సరిగ్గా నింపి పంపడం అందరికంటే పాట రాసినవాడికే ముఖ్యం.

నువ్వు అడిగిన బ్యాండ్ దగ్గరికి వస్తే, అది పుట్టిందే నీకూ నాకూ మధ్య ఉన్న గీత మీద. జామ్ 1982లో విడిపోయింది. డ్రమ్మర్ రిక్ బక్లర్ ముందు ద గిఫ్ట్ అనే జట్టు పెట్టాడు, జామ్ చివరి ఆల్బమ్ పేరది. పాడింది రస్సెల్ హేస్టింగ్స్, అతను బయటివాడు. ఫాక్స్‌టన్ కూడా వచ్చి కలిశాక 2007లో అది ఫ్రమ్ ద జామ్ అయింది. 2009లో బక్లర్ వెళ్లిపోయాడు. ముగ్గురిలో ఇద్దరు ఉన్న రోజున, ఒక్కడే మిగిలిన రోజున పేరు అదే. 'ఫ్రమ్' అన్న మాట ఇద్దరికీ సరిపోయింది, ఒక్కడికీ సరిపోయింది, వెల్లర్ ఉన్నాడని మాత్రం ఎక్కడా అనలేదు. నేను చూసిన పేర్లలో ఇంత నిజాయితీగా కుదిరింది తక్కువ. దాన్ని నీ జాబితాలో వెయ్యొద్దు. వేరే గడి పెట్టు, పైన 'మాజీ సభ్యుల జట్లు' అని రాయి. అందులో ఈఎల్ఓ (ఎలక్ట్రిక్ లైట్ ఆర్కెస్ట్రా) మాజీల ఈఎల్ఓ పార్ట్ టూని కూడా వెయ్యి, కానీ 2000 వరకే. డ్రమ్మర్ బెవ్ బెవన్ పేరు మీద తన సగం హక్కుని ఈఎల్ఓ నాయకుడు జెఫ్ లిన్‌కి అమ్మేశాక మిగిలినవాళ్లు ద ఆర్కెస్ట్రా అయ్యారు.

ఉంటాను మరి. జాబితా పూర్తయ్యాక పంపు.

నీ అక్క

తా.క.: కవరు అంటించబోతూ గుర్తొచ్చింది. టిమ్ ఓవెన్స్ అనే గాయకుడు జూడాస్ ప్రీస్ట్ అనే హెవీ మెటల్ బ్యాండ్‌కి బ్రిటిష్ స్టీల్ అనే ట్రిబ్యూట్‌లో పాడేవాడు. 1996లో అసలు జూడాస్ ప్రీస్టే అతన్ని తీసుకుంది. రెండు స్టూడియో ఆల్బమ్‌లు పాడాడు. 2003లో పాత గాయకుడు రాబ్ హాల్‌ఫర్డ్ తిరిగొచ్చాక బయటికొచ్చాడు. ఇప్పుడు, 2011లో ప్రీస్ట్‌ని వదిలిన గిటారిస్టు కే.కే. డౌనింగ్ పెట్టిన కే.కే.స్ ప్రీస్ట్‌లో పాడుతున్నాడు, ఆ సెట్‌లిస్ట్‌లో హాల్‌ఫర్డ్ నాటి పాటలూ ఉంటాయి. ఈ మనిషిని ఏ గడిలో వేస్తావో రాయి.