మునిగిన ఊళ్ల పేర్లనైనా గ్రంథాలయానికి చేర్చండి

గౌరవనీయ తెలంగాణ రెవెన్యూ శాఖ మంత్రి గారికి నమస్కారం.

మాది కొల్లాపూర్ దిక్కు. మా అమ్మ పుట్టిన ఊరు ఇప్పుడు లేదు. 1981లో శ్రీశైలం జలాశయం కింద మునిగిన ఊళ్లలో అదొకటి. కృష్ణకు ఈ ఒడ్డున పాలమూరులో, ఆ ఒడ్డున కర్నూలులో కలిపి వంద వరకు ఊళ్లు పోయాయి. ఒక ఎండాకాలం నీళ్లు వెనక్కి పోయినప్పుడు అమ్మను తీసుకుపోయాను. నెర్రెలు బాసిన ఒండ్రులో మోకాలెత్తు కూడా లేని రాతి గోడ దగ్గర ఆగి, "గీడ మా దర్వాజ ఉండె. గా పక్కకే బాయి" అన్నది. వాళ్ల నాయనమ్మ పేరేంటని అడిగితే మాత్రం చెప్పలేకపోయింది. "ముసలమ్మ అనే పిలుస్తుండిరి అందరు" అని ఊరుకుంది.

అప్పటి నుంచి మా పెద్దవాళ్ల పేర్లు వెతుకుతున్నాను. ఊరు ఉన్నవాళ్లయితే రచ్చకట్ట మీద నలుగురు ముసలివాళ్లను అడిగితే సగం పని అయిపోతుంది. మావాళ్లు పరిహారం డబ్బులు పట్టుకుని తలో దిక్కు పోయారు. ఇక మాకు మిగిలింది ప్రభుత్వం దగ్గరున్న కాగితాలే.

ఆ కాగితాల కోసం ఒక కార్యాలయానికి వెళ్తే మొదటి ప్రశ్న: "కేసు ఏమన్నా ఉందా?" లేదన్నాను. "భూమి అమ్ముతున్నారా?" లేదన్నాను. "మరి ఎందుకు?" మా తాతల పేర్లు తెలుసుకోవడానికి అంటే ఆయన నన్ను అనుమానంగా చూశాడు. ఆయన తప్పని అనను. పాత పహాణీ, అంటే ఏ భూమి ఎవరి పేరున ఉందో రాసిన రికార్డు, అడిగే ప్రతి మనిషీ తగాదా మనిషే అయి ఉంటాడన్నది ఆయన అనుభవం. నాలుగుసార్లు తిరిగాక ఒక పేజీ చూడనిచ్చారు.

అది ఖాస్రా పహాణీ, 1954-55 నాటిది. పాత రెవెన్యూ సంవత్సరమైన ఫసలీ లెక్కలో 1364. అంతా ఉర్దూ. రిటైరైన ఒక టీచర్ గారిని బతిమాలి వెంట తీసుకుపోయాను. సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు దాటి ఆయన వేలు ఒక గడి దగ్గర ఆగింది. మా తాత పేరు, పక్కన 'వల్ద్' (అంటే ఫలానా వారి కొడుకు), ఆ తర్వాత తాత తండ్రి పేరు. అయితే అది పుల్లయ్యో ఎల్లయ్యో ఆయన చెప్పలేకపోయారు. ఉర్దూలో ఆ రెండు పేర్లకు తేడా మొదటి అక్షరం కింద చుక్కల్లోనే ఉంటుందట. రాసినవాళ్లు తొందరలో చుక్కలు పెట్టలేదు. మా ముత్తాత పేరు ఆ చుక్కల దగ్గర ఆగిపోయింది. ఆ చేతిరాత చదవగలిగినవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. అందుకే ఈ పని వాయిదా వేయొద్దని అడుగుతున్నాను.

ఏ కాగితం ఎక్కడుందో తెలుసుకోవడమే పెద్ద టెన్షన్. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయింది, 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి, 2016లో ఉమ్మడి పాలమూరు ముక్కలైంది. కాగితాలు కూడా ఆఫీసులతో పాటే చేతులు మారాయి. మునిగిన ఊరికి ఇప్పుడు మండలమే సరిగా లేదు.

నేను అడిగేది ఒక్కటే. ముంపు గ్రామాల సేత్వార్ (మొదటి సర్వే నాటి భూమి రిజిస్టర్), ఖాస్రా పహాణీ, భూసేకరణ అవార్డులు (పరిహారం ఎవరికెంతో తేల్చిన ఉత్తర్వులు), దొరికినన్ని చావు పుట్టుకల రిజిస్టర్లు స్కాన్ చేయించి, ఆ ప్రతులను జిల్లా గ్రంథాలయాల్లో పెట్టించండి. వారానికి ఒకరోజైనా ఉర్దూ చదివి చెప్పే మనిషిని కూర్చోబెట్టండి. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం. పాత రికార్డులు బయటపెడితే దొంగ పట్టాలు పుడతాయన్న భయం నాకూ అర్థమవుతుంది. నకళ్లు ఇవ్వొద్దు, చూసుకోనిస్తే చాలు. శ్రీశైలం ముంపు కుటుంబాలకు జీవో 98 కింద ఇచ్చే ఉద్యోగాల కోసం తాము ముంపు కుటుంబమేనని రుజువు చూపలేక ఇప్పటికీ తిరుగుతున్న వాళ్లకూ ఏ కాగితం ఎక్కడుందో తెలుస్తుంది.

చావు పుట్టుకల రిజిస్టర్లను ప్రత్యేకంగా అడగడానికి కారణం ఉంది. పహాణీలో ఆడవాళ్లు దాదాపు ఉండరు. భూమి లేని జీతగాళ్లు అసలే ఉండరు. వాళ్లు కాగితం మీదికి ఎక్కేది పుట్టినప్పుడు, పోయినప్పుడు. బడికి పోయినవాళ్లయితే అడ్మిషన్ రిజిస్టర్‌లో ఇంకొకసారి. ఒక్క భూమి రికార్డులు తెచ్చి పని అయిపోయిందనుకుంటే మా ఊళ్లో సగానికి పైగా మనుషులు రెండోసారి మునిగినట్టే.

ఆ రోజుల్లో ముంపులో పోతాయని గుళ్లను విప్పి, రాయి రాయికీ నంబరు వేసి గట్టుకు తెచ్చి మళ్లీ కట్టారు. కూడలి సంగమేశ్వరుడు అలా వచ్చినవాడే, ఇవాళ అలంపురంలో పూజలందుకుంటున్నాడు. మా మనుషుల పేర్లకు కూడా అంత శ్రద్ధ చూపించమని వేడుకుంటున్నాను.

మా అమ్మకు డెబ్బై దాటాయి. మోకాళ్లు సహకరించక ఈసారి ఎండాకాలం ఆ గోడ దాకా రాలేనన్నది. ఆ ముసలమ్మ పేరు ఏ రిజిస్టర్‌లో ఉందో దొరికితే, అమ్మ ఉండగానే చదివి వినిపించాలని ఉంది.

ఇట్లు,
ముంపు గ్రామం ఆడబిడ్డ కొడుకు,
నాగర్‌కర్నూల్ జిల్లా