రసీదు వెనుక తొమ్మిదో షరతు

ప్రియమైన యాదగిరికి,

నీ ఉత్తరం చేరి రెండు నెలలు దాటినా జవాబు రాయనందుకు నన్ను క్షమించు. ఇక్కడ అందరం కుశలమే. అమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గింది, బత్తాయి తోటకు నీళ్ళు సరిపోయాయి. ఫంక్షన్ హాలు సంగతి నీకు చెప్పుకుంటే తప్ప నాకు అన్నం సహించేటట్లు లేదు.

అక్క కూతురి పెళ్ళికి నల్లగొండలో ఒక హాలుకు అరవై వేల రూపాయలు అడ్వాన్సు కట్టాము. పెళ్ళి నలభై రోజులుందనగా వరుని తాతగారు కాలం చేయడంతో ముహూర్తం వాయిదా పడింది. ఆ మాట చెప్పి పైసలు అడిగితే, మేనేజరు రసీదు తిప్పి తొమ్మిదో షరతు చూపించాడు: ఏ కారణం చేతనైనా అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదు. గడియారం స్తంభం దగ్గర నీవు కొన్న గొడుగు, ఆ దుకాణంలో ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని వేలాడిన బోర్డు వెంటనే గుర్తొచ్చాయి. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంటికొచ్చి కళ్ళద్దాలు పెట్టుకుని చదివితే పదో షరతు ఇంకా ఘనంగా ఉంది: యాజమాన్యం కారణం చూపకుండానే బుకింగు రద్దు చేయవచ్చునట! వాళ్ళు మానుకుంటే హక్కు, మనం మానుకుంటే జరిమానా అన్నమాట. అన్నిటికంటే నన్ను మండించినది వేరే ఉంది. మేము వదులుకున్న ఆ రోజే అక్కడ వేరొకరి పెళ్ళి ఫ్లెక్సీ కట్టి ఉండడం బావ కళ్ళారా చూశాడు. హాలు ఖాళీగా మిగిలి ఉంటే కొంత కోసుకున్నా నేను నోరెత్తేవాడిని కాను.

సంతకం పెట్టాము కదా, ఇక చేసేదేముందని బావ చల్లబడ్డాడు. తెలిసిన వకీలు మాత్రం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం తెరిచి కూర్చోబెట్టాడు. 1986 నాటి పాత చట్టంలో లేని ‘అన్యాయమైన ఒప్పందం’ అనే నిర్వచనం 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చిన ఈ చట్టంలోని 2(46) సెక్షనులో ఉంది. జరిగిన నష్టానికి పొంతన లేని జరిమానా, సరైన కారణం లేకుండా ఒక పక్షమే ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు, మితిమీరిన డిపాజిట్టు ఇవన్నీ అందులోకే వస్తాయి. మన తొమ్మిది, పది షరతులను చూసి రాసినట్లే అనిపించింది! ఆ చట్టం రాకముందే, 2019 ఏప్రిల్‌లో, గురుగ్రామ్ ఫ్లాటు వివాదంలో సుప్రీంకోర్టు ఇలాంటి మాటే చెప్పింది. కొనుగోలుదారు ఆలస్యం చేస్తే 18 శాతం వడ్డీ, బిల్డరు తిరిగి ఇవ్వవలసి వస్తే 9 శాతం అని రాసుకున్న ఏకపక్ష ఒప్పందానికి, గత్యంతరం లేక సంతకం పెట్టిన మనిషిని కట్టివేయలేరని తేల్చింది.

అయితే ఇక్కడొక మెలిక ఉంది. షరతు అన్యాయమైనదని, చెల్లదని ప్రకటించే అధికారం నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషనుకు లేదు. హైదరాబాదులోని రాష్ట్ర కమిషనుకే ఉంది. సామాన్యుడు మొదట తొక్కే గడప దగ్గరే ఆ అధికారం లేకపోవడం నాకు అసలు నచ్చలేదు. డబ్బు వాపసు వరకు, అనుచిత వ్యాపార పద్ధతి కింద, జిల్లాలోనే ఫిర్యాదు ప్రయత్నించవచ్చునని వకీలు అభిప్రాయం. గడువు రెండేళ్ళు ఉంది కనుక ముందు నోటీసు ఇద్దామన్నాడు. ఆ ఫ్లెక్సీ ఫోటోను బావ ఫోనులోంచి... అది తర్వాత చెబుతాను, పోస్టాఫీసు మూసే వేళయింది. నోటీసును, ఈ ఉత్తరాన్ని కలిపి స్పీడ్ పోస్టు చేయాలి.

నీ
నరసింహ