మన మహిళా సంఘం వార్షిక నివేదిక, 2024-25

సభ్యులందరికీ నమస్కారం.

నివేదిక అంటే కుట్టు క్లాసులు, బతుకమ్మ ముగ్గులు తప్ప ఇంకేముంటుందని పోయినేడు ఒక అక్క నవ్వింది. ఈసారీ ఆ రెండూ జరిగాయి. వానాకాలంలో గది కురవడంతో కుట్టు క్లాసులు కొన్ని రోజులు ఆపాల్సి వచ్చింది. ముగ్గుల పోటీ సద్దులకు ముందు రోజు పెట్టాం, బాగానే వచ్చారు. వాటి సంగతి అంతే. ఈ ఏడు మన టైమంతా తీసుకున్నది వేరే పని. దాన్ని కొంచెం వివరంగా రాస్తున్నాను.

చట్టసభల్లో పనిచేసిన ఒక మహిళ గురించి నెలనెలా ఎవరో ఒకరు మాట్లాడాలని ఏప్రిల్‌లో అనుకున్నాం. మొదట మల్లు స్వరాజ్యం గారి గురించి పెట్టుకున్నాం. సాయుధ పోరాటంలో తుపాకీ పట్టిన ఆమె 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి ఎమ్మెల్యేగా గెలిచారు. మన పెద్దవాళ్ళకు ఆమె కథ కొత్త కాదు. అయినా ఆ రోజు లేవడానికి ఎవరికీ మనసు రాలేదు. జూన్‌లో మన లెక్చరర్ చెల్లె అమెరికా నాయకురాలు పాట్రీషియా ష్రోడర్ గురించి చెప్తానంది. ఎక్కడి అమెరికా, ఎక్కడి నల్లగొండ, ఎవరు వింటారని నేనే అన్నాను. నా అంచనా తప్పింది.

ష్రోడర్ 1972లో డెన్వర్ నుంచి అమెరికా ప్రతినిధుల సభకు గెలిచింది. అప్పటికి ఆమెకు ఇద్దరు చిన్న పిల్లలు. సైనిక వ్యవహారాల కమిటీలో చోటు దొరికింది కానీ ఆ కమిటీ ఛైర్మన్‌కు ఆమె రావడం ఇష్టం లేదు. రాన్ డెల్లమ్స్ అనే నల్లజాతి సభ్యుడు రావడమూ ఇష్టం లేదు. అందుకని ఇద్దరికీ కలిపి ఒకే కుర్చీ వేయించాడు. ఇద్దరూ చెరో సగం మీద కూర్చున్నారు.

ఆ మాట చెప్పగానే, వెనక వరుసలో నుంచి బట్టల షోరూంలో పనిచేసే పిల్ల ఒకతి అంది: "ఆమెకు సగం కుర్చీ అన్న ఇచ్చిండ్రు మేడం. మాకు అది గూడ లేదు."

ఇక ఆ రోజు అమెరికా సంగతి పక్కకు పోయింది. పొద్దున తొమ్మిదిన్నరకు షట్టర్ లేస్తే రాత్రి తొమ్మిది దాకా నిలబడే ఉండాలట. స్టూళ్ళున్నా అవి కస్టమర్ల కోసం. బేరం లేనప్పుడు కౌంటర్ వెనక చీరల బండిల్ మీద కొంచెం ఒరిగితే సీసీ కెమెరాలో చూసి పైనుంచి ఫోన్ చేస్తారట. కడుపుతో ఉన్నవాళ్ళకైనా అంతే. ఏడో నెల నడుస్తున్న ఒకామె చెప్పులు విప్పి పాదాలు చూపించింది. చెప్పు పట్టీల అచ్చు లోతుగా దిగి ఉంది.

ఆషాఢం సేల్ మొదలయ్యేలోపే మనవాళ్ళు నలుగురు ఆ షాపుకు పోయి మాట్లాడారు. ఓనర్ మర్యాదగానే మాట్లాడి, చాయ్ తెప్పించి, ఫ్లోర్‌కు రెండు ప్లాస్టిక్ స్టూళ్ళు వేయిస్తానన్నాడు, వేయించాడు. దసరా రద్దీలో జాగా లేదని తీసేశారు. మళ్ళీ అడిగితే దీపావళి అయ్యాక తెచ్చి పెట్టారు. షాపుల్లో పనిచేసేవాళ్ళకు కూర్చునే వసతి ఉండాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టంలోనే రాసుకున్నాయి. మన ఎమ్మెల్యేలకు కూడా ఇదే అడుగుతూ వినతిపత్రం ఇవ్వాలని తీర్మానం చేశాం. ఇంకా ఇవ్వలేదు. అందులో స్టూలు ముందు రాయాలా, కాన్పు సెలవు ముందు రాయాలా అని మనలో మనకే తెగలేదు. ఆ తప్పు కార్యవర్గానిదే.

ఇక ఆ కాన్పు సెలవు సంగతి. పిల్లలు పుట్టినప్పుడు తల్లికీ తండ్రికీ సెలవు ఉండాలని ష్రోడర్ 1985లో బిల్లు పెట్టింది. అది కాంగ్రెస్ (అమెరికా చట్టసభ) దాటినా 1990లో ఒకసారి, 1992లో ఒకసారి అప్పటి అధ్యక్షుడు బుష్ వీటో చేశాడు. చివరికి 1993 ఫిబ్రవరిలో క్లింటన్ సంతకంతో చట్టమైంది. ఎనిమిదేండ్ల కొట్లాటకు దక్కింది 12 వారాలు. అదీ జీతం లేకుండా, 50 మంది లేదా అంతకంటే ఎక్కువ పనిచేసే చోట్ల మాత్రమే. ఇది విని రైస్ మిల్లులో పనిచేసే వదిన అంది: "జీతం లేని సెలవా? అది మాకు ఎప్పటినుంచో ఇస్తనే ఉన్నరు గద, ఇంట్ల కూసో అని."

అందరం నవ్వాం. కానీ ఒక విషయంలో వాళ్ళ చట్టం మనకంటే ముందుంది, ఆ సెలవు తండ్రికీ వస్తుంది. మన దగ్గర సర్కారు ఉద్యోగులైన తండ్రులకు 15 రోజులు ఉంది, ప్రైవేటు వాళ్ళకు చట్టంలో ఏమీ లేదు. తల్లిగారింట్లో పురుడు పోసుకునే మన పద్ధతిలో తండ్రికి సెలవెందుకని ఒకరిద్దరు అడిగారు. ఇరవై ఒకటో రోజు తొట్టెలకు చుట్టం లెక్క వచ్చిపోతే సరిపోతుందా అని మిగతావాళ్ళు పట్టుకున్నారు. సెలవు ఆడవాళ్ళకే ఉంటే ఓనర్లు ఆడవాళ్ళను పనిలోకే తీసుకోరని లెక్చరర్ చెల్లె అన్న మాట నాకు సరైనదనిపించింది.

తల్లుల విషయంలో మాత్రం మన చట్టమే మెరుగు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి మొదటి ఇద్దరు పిల్లలకు 12 వారాల సెలవును 26 వారాలు చేశారు, అదీ జీతంతో. పది మంది పనిచేసే షాపుకూ ఇది వర్తిస్తుంది. ఆర్నెల్లు ఊరికే జీతం ఎట్లా ఇస్తామని ఓనర్లంటారు. మన అక్కలే కొందరు పాపం, నిజమే కదా అన్నారు. అసలు సంగతి ఏంటంటే, ఈఎస్‌ఐ (ఉద్యోగుల సర్కారు బీమా) కడితే ఓనర్ ఆ జీతం ఇవ్వనక్కర్లేదు. పది మంది లేదా అంతకంటే ఎక్కువ ఉన్న షాపులో 21,000 లోపు జీతమున్న వాళ్ళందరికీ ఈఎస్‌ఐ ఉండాలి. 10,000 జీతానికి నెలకు మన నుంచి 75 రూపాయలు, ఓనర్ నుంచి 325. కాన్పు సెలవు డబ్బులు ఈఎస్‌ఐ ఇస్తుంది. కాకపోతే ముందటి చందా కాలాల్లో కనీసం 70 రోజులకు చందా కట్టి ఉండాలి.

ఆ 70 రోజుల దగ్గరే దెబ్బ తిన్నాం. ఏడో నెల ఆమెకు ఈఎస్‌ఐ నంబరే లేదు. షాపులో ఇరవై మందికి పైగా ఉన్నా రికార్డులో తొమ్మిది మందినే చూపించారు. మనం అడిగాక జులైలో పేర్లు ఎక్కించారు. ఆమెకు సెప్టెంబర్‌లో బాబు పుట్టాడు. అప్పటికి ఆలస్యమైపోయింది. లేబర్ ఆఫీసులో ఫిర్యాదు ఇద్దామంటే ఆమె ఒప్పుకోలేదు. భర్త ఆ షాపు ఆటోనే నడుపుతాడు. ఓనర్ ఒక కవర్లో నెల జీతం, ఒక చిన్న డ్రెస్సు పెట్టి పంపాడు. ఆమెకు అంతకు మించి మనం ఏమీ చేయలేకపోయాం. నివేదికలో ఇది రాయొద్దని ఒకరు అన్నారు, నేను రాస్తున్నాను.

ఆ తర్వాతే కాయితాల పని పెట్టుకున్నాం. గడియారం సెంటర్ చుట్టుపక్కల షాపుల్లో, దవాఖానల్లో పనిచేసే మన సభ్యులకు ఫైళ్ళు ఇచ్చాం. జీతం బ్యాంకులో పడితే పాస్‌బుక్ ప్రింటు, చేతికిస్తే తేదీతో మన నోటుబుక్కులో రాత, డ్యూటీ మార్చినప్పుడు వచ్చిన వాట్సాప్ మెసేజ్ స్క్రీన్‌షాట్, యూనిఫాం మీద ఫోటో, అక్కడ పనిచేస్తున్నట్టు చూపేది ఏదైనా సరే అందులో పెట్టాలి. జమాఖర్చుల పట్టిక విడిగా పంచాం. జిరాక్సులకు ఇంత ఎందుకైందని అడిగేవాళ్ళకు జవాబు ఇదే.

సగం కుర్చీ మాట అన్న పిల్లకు కూడా జులైలోనే నంబర్ వచ్చింది. ఆమెకు మే నెలలో కాన్పు డేటు ఇచ్చారు. చందా రోజులు సరిపోతాయి. మార్చి దాకా చందా పడినట్టు ఈఎస్‌ఐ వెబ్‌సైటులో తీసిన ప్రింటు ఆమె ఫైల్లో ఉంది. ఫారం నింపడానికి తోడు పోవాల్సినవాళ్ళు ఏప్రిల్ మొదటి ఆదివారం మీటింగ్‌లో పేరివ్వండి. వచ్చేటప్పుడు మీ ఫైళ్ళు కూడా తీసుకురండి.

మీ
కార్యదర్శి